2028 డిసెంబరు 31 సంపూర్ణ చంద్రగ్రహణం: హైదరాబాద్‌లో మీ డాబా మీద నుంచే చక్కగా చూడటం ఎలా?

గ్రహణం వస్తోందంటే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఎక్కడికి వెళ్తే బాగా కనిపిస్తుంది?" ఈసారి జవాబు ముందే చెప్పేస్తాను. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. 2028 డిసెంబరు 31 ఆదివారం రాత్రి గ్రహణం పట్టు నుంచి విడుపు దాకా మొత్తం హైదరాబాద్‌లో కనిపిస్తుంది. చంద్రుడు ఎత్తుగా, విడుపు వేళకి దాదాపు నడినెత్తిన ఉంటాడు. సంపూర్ణ దశ 71 నిమిషాలు.

2018 జులై, 2025 సెప్టెంబరు గ్రహణాలు వానాకాలంలో వచ్చాయి. 2026 మార్చి 3న సంపూర్ణ దశ మనకి చంద్రోదయం కాకముందే అయిపోయింది. ఇది మాత్రం చలికాలంలో, భోజనాల వేళ మొదలై అర్ధరాత్రి దాటిన ఆరు నిమిషాలకి ముగుస్తుంది. ఇంత వీలుగా వచ్చే గ్రహణాన్ని ఏర్పాట్లు లేక పోగొట్టుకోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

1. ముందు ఈ వేళలు రాసి పెట్టుకోండి

ఇవన్నీ భారత కాలమానం ప్రకారం, నిమిషం అటూ ఇటూగా. బ్రాకెట్లలో ఉన్నది హైదరాబాద్‌లో చంద్రుడు దిగంతం నుంచి ఎంత ఎత్తులో ఉంటాడన్నది.

- పలచటి నీడలోకి ప్రవేశం: రాత్రి 7:34 (కంటికి ఏమీ తెలియదు)
- పట్టు, అంటే చిక్కటి నీడ తాకడం: 8:37 (40 డిగ్రీలు)
- సంపూర్ణ దశ మొదలు: 9:46 (55 డిగ్రీలు)
- గ్రహణ మధ్యకాలం: 10:22 (63 డిగ్రీలు)
- సంపూర్ణ దశ ముగింపు: 10:58 (70 డిగ్రీలు)
- విడుపు: 12:06, అప్పటికి 2029 జనవరి 1 (83 డిగ్రీలు)

చెయ్యి ముందుకు పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. పట్టు వేళకి చంద్రుడు దిగంతం నుంచి నాలుగు పిడికిళ్ళ పైన, మధ్యకాలంలో ఆరు పిడికిళ్ళ పైన ఉంటాడు. దిక్కు తూర్పు, కాస్త ఈశాన్యం వైపుకి. సంపూర్ణ దశ అయ్యేదాకా దిక్కు పెద్దగా మారదు, ఎత్తు మాత్రం పెరుగుతూ పోతుంది.

వేరే ఊళ్ళలో ఉన్నవాళ్ళకి: విజయవాడ, విశాఖ, తిరుపతి, బెంగళూరు, చెన్నై, ఎక్కడైనా గడియారం వేళలు ఇవే, ఎత్తు మాత్రం కొద్దిగా మారుతుంది. దుబాయ్‌లో సంపూర్ణ దశ రాత్రి 8:16కే మొదలవుతుంది. సింగపూర్‌లో అర్ధరాత్రి దాటి 12:16కి, సిడ్నీలో జనవరి 1 తెల్లవారుజామున 3:16కి. లండన్‌లో సాయంత్రం 4:16కి, చంద్రుడు అప్పుడే ఉదయించి చాలా కిందుగా ఉంటాడు కాబట్టి తూర్పు, ఈశాన్య దిక్కులు తెరిపిగా ఉన్న చోటు వెతుక్కోవాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అప్పటికి తెల్లవారిపోతుంది.

2. చోటు: డాబా సరిపోతుందో లేదో తేల్చుకోండి

నక్షత్రాలు చూడాలంటే ఊరి వెలుతురు దాటి పోవాలి. చంద్రగ్రహణానికి ఆ అవసరం లేదు, వీధిదీపాల మధ్య నుంచి కూడా చంద్రుడు కనిపిస్తాడు. సంపూర్ణ దశలో చుట్టూ ఎన్ని నక్షత్రాలు బయటపడతాయన్న దగ్గర మాత్రం వెలుతురు తేడా చూపిస్తుంది. అది కూడా డాబా మీద సగం వరకూ సర్దుకోవచ్చు, ఎలాగో కింద చెబుతాను.

ఊరి బయటికి వెళ్దామనుకునేవారు ఆ రాత్రి ఏ రాత్రో గుర్తు తెచ్చుకోండి. డిసెంబరు 31న హైదరాబాద్‌లో ఏటా చాలా ఫ్లైఓవర్లు మూసేస్తారు, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆంక్షలు ఉంటాయి, డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు ఉంటాయి. వికారాబాద్ అనంతగిరి కొండల చుట్టుపక్కల రిసార్టులన్నీ డీజే లైట్లతో నిండిపోతాయి. వెళ్ళే తీరాలనుకుంటే మధ్యాహ్నమే చేరుకోండి, రాత్రి అక్కడే ఉండి తెల్లారాక తిరిగి రండి. నా మాట అడిగితే, ఇంటి డాబాయే మేలు.

డాబా మీద చూడాల్సినవి:

- తూర్పు, ఈశాన్యం వైపు నాలుగు పిడికిళ్ళ ఎత్తు దాటి అడ్డొచ్చే భవనం ఉందా?
- వాటర్ ట్యాంకు, లిఫ్టు గది, సెల్ టవర్ ఏ వైపు ఉన్నాయి? (వాస్తు చూసి కట్టిన ఇళ్ళలో ట్యాంకు సాధారణంగా నైరుతిలో ఉంటుంది, అలాగైతే మనకి ఇబ్బంది లేదు.)
- కంట్లో నేరుగా పడే లైటు ఏది? ఆ రాత్రి దాన్ని ఆపించగలరా? ట్యాంకు నీడలో కూర్చుంటే తప్పుతుందా?
- పిట్టగోడ పిల్లలకి సరిపడా ఎత్తుందా?

పక్క అపార్ట్‌మెంట్ అడ్డొచ్చినా కంగారు పడకండి. పట్టు వేళ కనిపించకపోయినా తొమ్మిదిన్నర కల్లా చంద్రుడు యాభై డిగ్రీల ఎత్తు దాటి ఉంటాడు. సంపూర్ణ దశకి అడ్డు వచ్చేంత పొడవైన భవనం మీ పక్కనే ఉండటం అరుదు.

డాబా లేనివారు బాల్కనీని నమ్ముకోవద్దు. ఇంత ఎత్తులో ఉన్న చంద్రుడికి పై అంతస్తు బాల్కనీ స్లాబు అడ్డం పడుతుంది. కాలనీ పార్కు, బడి మైదానం, తెలిసినవాళ్ళ మేడ, ఏదో ఒకటి ముందే మాట్లాడి పెట్టుకోండి.

3. నెల ముందు ఒక రిహార్సల్

ఈ సలహా మాత్రం తప్పకుండా పాటించండి. 2028 డిసెంబరులో రెండు పున్నములు ఉన్నాయి, ఒకటి 2న ఉదయం, రెండోది 31న. అంటే డిసెంబరు 1 రాత్రి ఆకాశంలో ఉండేది దాదాపు నిండు చంద్రుడే, అది నడిచే దారి కూడా గ్రహణం రాత్రి దారికి చాలా దగ్గర. ఎత్తు కాస్త ఎక్కువగా ఉంటుంది, అంతే.

ఆ రాత్రి 8:40కి ఒకసారి, 10:20కి ఒకసారి డాబా ఎక్కండి. ఎక్కడ కూర్చుంటే ఏదీ అడ్డు రాదో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. బైనాక్యులర్స్ ఉంటే ఫోకస్ సరిచూడండి. కెమెరా స్టాండు మీద లెన్సు అంత ఎత్తుకి తిరుగుతుందో లేదో చూడండి. చాలా చవక స్టాండ్లు అరవై డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. ఇది గ్రహణం రాత్రి తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

అపార్ట్‌మెంట్ అయితే ఇంకో పని. డిసెంబరు 31 రాత్రి టెర్రస్ మీద అసోసియేషన్ పార్టీ ఉందేమో కనుక్కోండి. ఉంటే వద్దనకండి, 9:30 నుంచి 11 దాకా ఫోకస్ లైట్లు ఆపమని మాత్రం అడగండి. ఎర్ర చంద్రుణ్ణి అందరికీ చూపిస్తామంటే ఒప్పుకుంటారు. పార్టీ లేకపోతే టెర్రస్‌కి తాళం వేసే అవకాశం ఎక్కువ. 2018 జులై గ్రహణం రాత్రి మా టెర్రస్ తాళం ఊరెళ్ళిన వాచ్‌మన్ దగ్గర ఉండిపోయింది. నలుగురం మెట్ల మీదే నిలబడిపోయాం. అప్పటి నుంచి తాళం చెవి ముందురోజే మా ఇంట్లో ఉండాలన్నది నా నియమం.

4. సామాను

టెలిస్కోపు కొనాల్సిన పని లేదు. నల్ల కళ్ళద్దాలు, ఫిల్టర్లు అసలే వద్దు. అవి సూర్యగ్రహణానికి. చంద్రగ్రహణాన్ని మామూలు కళ్ళతో ఎంతసేపు చూసినా ఏమీ కాదు.

- చాప, దాని మీద బొంత, తలకింద దిండు. లేదా పడక కుర్చీ, మడత మంచం.
- శాలువా, మంకీ క్యాప్, సాక్సు. డిసెంబరు చివర హైదరాబాద్ రాత్రి చలి పదిహేను డిగ్రీల దగ్గరికి దిగుతుంది. కదలకుండా పడుకుంటే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది.
- బైనాక్యులర్స్, దొరికితే 7x50 గానీ 10x50 గానీ. ఒక్క వస్తువు అరువు తెచ్చుకోవాలంటే ఇదే తెచ్చుకోండి.
- టార్చికి ఎర్ర గ్లాస్ పేపరు రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండుతో బిగించండి. ఎర్ర వెలుతురు చీకటికి అలవాటు పడిన చూపును అంతగా చెదరగొట్టదు.
- మంచు పడితే అద్దాలు తుడవడానికి మెత్తటి గుడ్డ.
- దోమల క్రీము, ఫ్లాస్కులో టీ, మంచినీళ్ళు.
- పిల్లలకి అట్ట, పెన్సిలు, ముందే గాజు పెట్టి గీసిన పన్నెండు సున్నాల కాగితం.

పడుకునే ఏర్పాటు మొదట రాయడానికి కారణం ఉంది. అరవై, డెబ్భై డిగ్రీల ఎత్తుకి నిలబడి తలెత్తి చూస్తే పది నిమిషాల్లో మెడ పట్టేస్తుంది. "ఎర్రగా అయింది, చూశాం" అని జనం మధ్యలోనే దిగిపోవడానికి అసలు కారణం విసుగు కాదు, మెడనొప్పి. వెల్లకిలా పడుకుంటే గంటన్నర ఇట్టే గడిచిపోతుంది.

5. ఆ రోజు సాయంత్రం

మధ్యాహ్నం ఒకసారి వాతావరణ శాఖ వెబ్‌సైటులో ఉపగ్రహ చిత్రం చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంటే తప్ప డిసెంబరు చివర తెలంగాణ మీద ఆకాశం సాధారణంగా తేటగానే ఉంటుంది.

భోజనం సంగతి. గ్రహణ నియమాలు పాటించే ఇళ్ళలో ఆ వేళలు మీ పంచాంగం ప్రకారం చూసుకుంటారు. పట్టు స్నానం, విడుపు స్నానం చేసే పెద్దలకి పై పట్టికలో 8:37, 12:06 వేళలు పనికొస్తాయి. మిగతావాళ్ళు ఏడున్నరకల్లా తినేయండి, వంటిల్లు సర్దే పని 8:37 దాకా లాగకండి. గ్రహణం చూడటం వల్ల గర్భిణులకు గానీ కడుపులో బిడ్డకు గానీ ఏ హానీ లేదు. రాము అన్నవారిని మాత్రం బలవంతపెట్టకండి, ఒక్క నిమిషం పైకి వచ్చి చూస్తారేమో అడగండి చాలు.

కొత్త సంవత్సరం రోజున దర్శనానికి వెళ్దామనుకునేవారికి ఒక హెచ్చరిక. గ్రహణం రోజు తిరుమలతో సహా చాలా ఆలయాల తలుపులు ముందే మూసి, విడుపు తర్వాత శుద్ధి చేశాకే తెరుస్తారు. టికెట్లు కొనేముందు ఆలయ వేళలు చూసుకోండి.

ఎనిమిదింటికి డాబా మీదికి చేరండి. చాపలు గుర్తు దగ్గర పరవండి, లైట్లు ఆపించండి, ఫోన్ల వెలుతురు బాగా తగ్గించండి.

6. గంట గంటకీ ఏం చూడాలి

8:15 నుంచి 8:37. చంద్రుడి కింది అంచు, అంటే తూర్పు దిగంతం వైపు ఉన్న అంచు, కొద్దిగా మసిబారినట్టు కనిపిస్తుంది. పక్కవాళ్ళని అడగండి, "మీకూ కనిపిస్తోందా?" అని. ఎవరికి ముందు తెలుస్తుందో చూడటం పిల్లలకి మంచి ఆట.

8:37 నుంచి 9:30. కింది వైపు నుంచి నల్లటి కోత మొదలవుతుంది. ఆ నీడ అంచు గుండ్రంగా ఉండటం గమనించండి. అది భూమి నీడ, మనం పడుకున్న ఈ భూమిదే. పిల్లలు పావుగంటకోసారి ఒక్కో సున్నాలో ఎంత నల్లబడిందో దిద్ది పక్కన టైము వేయాలి. బైనాక్యులర్స్ ఉన్నవారు చంద్రుడి దక్షిణాన కిరణాలు చిమ్మినట్టుండే టైకో బిలాన్ని పట్టుకుని నీడ దాన్ని ఎప్పుడు మింగిందో రాయండి. తర్వాత కోపర్నికస్ బిలం.

ఈ దశలో చంద్రుడు మూడొంతులు నల్లగానే ఉంటాడు, ఎరుపు తెలియదు. మిగిలిన వెలుగు కళ్ళకి గట్టిగా తగులుతూ ఉండటమే కారణం. "ఎరుపేదీ?" అని నిరాశపడి కిందికి వెళ్ళేవారు ఇక్కడే వెళ్తారు. ఆపండి వాళ్ళని.

9:30 నుంచి 9:46. మొత్తం రాత్రిలో ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పావుగంట. ఎవరూ టీలు పోయొద్దు, ఫోన్లు చూడొద్దు. సన్నటి వెలుగు చీలిక మిగిలి, తక్కిన గుండ్రమంతా రాగి రంగులోకి తిరుగుతుంది. అంతసేపూ బిళ్ళలా ఉన్న చంద్రుడు ఒక్కసారిగా బంతిలా, వేలాడుతున్నట్టు కనిపిస్తాడు. బైనాక్యులర్స్‌తో ఆ చీలిక దగ్గర చూడండి. ఎరుపుకీ తెలుపుకీ మధ్య పలచటి నీలం పట్టీ ఉంటుంది. భూమి వాతావరణం పైపొరల్లోని ఓజోను గుండా వచ్చిన వెలుతురు అది. కొన్ని నిమిషాలే ఉంటుంది. తప్పిపోతే 10:58కి మళ్ళీ ఒక అవకాశం ఉంది.

9:46 నుంచి 10:58. ఇప్పుడు చంద్రుణ్ణి కాసేపు వదిలేసి చుట్టూ చూడండి. గంట క్రితం ఖాళీగా ఉన్న ఆకాశంలో నక్షత్రాలు బయటపడి ఉంటాయి. చంద్రుడు మిథున రాశిలో, చలికాలపు ప్రకాశవంతమైన నక్షత్రాల నడుమ ఉంటాడు. దగ్గరలో జంటగా పునర్వసు తారలు, దక్షిణం వైపు మృగశిర గుంపులో ఎర్రటి ఆరుద్ర, ఇంకా కిందికి సిరియస్, పైన రోహిణి, దాన్ని దాటితే పల్లెల్లో పిల్లలకోడి అనే కృత్తికలు. ఆరుద్ర, రోహిణి, చంద్రుడు, మూడు ఎరుపులు ఒకే ఆకాశంలో ఉంటాయి. మూడింటికీ తేడా ఏమిటో చెప్పమని పిల్లల్ని అడగండి.

మళ్ళీ చంద్రుడి దగ్గరికి రండి. ఈసారి చంద్రుడు నీడ మధ్య నుంచి కాక కాస్త ఉత్తరంగా వెళ్తాడు. అందుకే ధ్రువనక్షత్రం వైపున్న అంచు కాస్త వెలుగుగా, దక్షిణపు అంచు ముదురుగా ఉండాలి. తూర్పుకి తిరిగి చూస్తే ఎడమవైపు వెలుగు, కుడివైపు చీకటి అన్నమాట.

10:22 ప్రాంతంలో రంగు రాసుకోండి. దీనికి డాంజాన్ కొలమానం ఉంది, మామూలు కంటితోనే వేయొచ్చు:

- 0: చంద్రుడు కనిపించీ కనిపించనట్టు
- 1: బూడిద లేదా గోధుమ రంగు, మచ్చలు పోల్చుకోవడం కష్టం
- 2: ముదురు ఎరుపు, తుప్పు రంగు, నడుమ నల్లగా
- 3: ఇటుక ఎరుపు, అంచు పసుపుగా
- 4: మెరిసే రాగి లేదా నారింజ రంగు, అంచు నీలంగా

అందరూ ఒకరి కాగితం ఒకరు చూడకుండా అంకె వేయాలి, తర్వాత పోల్చుకోవాలి. భూమి వాతావరణంలో దుమ్ము, అగ్నిపర్వతాల బూడిద ఎక్కువైతే అంకె తగ్గుతుంది. ఆ ఎరుపు భూమి చుట్టూ ఆ క్షణాన జరుగుతున్న ఉదయాస్తమయాల వెలుతురే కదా.

10:58 నుంచి 12:06. మొదట నల్లబడిన అంచే మొదట వెలుగుతుంది. అప్పటికి చంద్రుడు నడినెత్తికి వస్తాడు, పడుకోని వాళ్ళు కూడా పడుకోవాల్సిందే. పన్నెండు కొట్టేసరికి నీడ పడమటి అంచున చిన్న గాటులా మిగిలి ఉంటుంది. ఊరంతా టపాసులు పేలుతుంటే ఆ గాటు కరిగిపోవడానికి ఆరు నిమిషాలు పడుతుంది. టపాసుల పొగ అడ్డొచ్చినా బైనాక్యులర్స్‌లో దొరుకుతుంది. 12:06 అయ్యాకే శుభాకాంక్షల ఫోన్లు ఎత్తమని మా ఇంట్లో ఇప్పటికే చెప్పాను.

7. ఫోటోలు

పోయిన గ్రహణాల్లో చూసింది ఏమిటంటే, ఫోటోల మీద పడినవాళ్ళు గ్రహణం సగమే చూశారు. కాబట్టి పరిమితి పెట్టుకోండి, పావుగంటకి ఒక్కసారే.

కెమెరాకి స్టాండు, టైమరు తప్పనిసరి. నిండు చంద్రుడికి ఐఎస్ఓ 100, ఎఫ్/8, 1/250 సెకనుతో మొదలుపెట్టండి. సంపూర్ణ దశకి ఐఎస్ఓ 1600, ఎఫ్/5.6, అర నుంచి ఒక సెకను. చంద్రుడు సాగినట్టు వస్తే సమయం తగ్గించి ఐఎస్ఓ పెంచండి. ఫోకస్ మాన్యువల్‌లో ఉంచి, వెలుగున్నప్పుడే సరిచేసి ఇక ముట్టుకోకండి. ఎర్ర చంద్రుడి మీద ఆటోఫోకస్ తడబడుతుంది.

ఫోనుతో అయితే తెర మీద చంద్రుణ్ణి నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ కిందికి లాగండి. లేకపోతే తెల్లటి మచ్చే వస్తుంది. సంపూర్ణ దశలో నైట్ మోడ్, ఫోనుని ఇటుకకి ఆనించి. దూరం నుంచి జూమ్ చేసి చార్మినార్ పక్కన ఎర్ర చంద్రుణ్ణి పెట్టే ఫోటో ఈసారి కుదరదు, చంద్రుడు అంత ఎత్తులో ఉంటాడు.

8. జరిగే తప్పులు, చేయాల్సిన సర్దుబాట్లు

*8:37కి వచ్చి పది నిమిషాలు చూసి దిగిపోవడం.* టైము లేకపోతే 9:25కి వచ్చి 10:30 దాకా ఉండండి. గంటలోనే అసలైనదంతా చూస్తారు.

*మధ్యలో ఫోను వెలుతురు కళ్ళలో పడటం.* చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్క వీడియో చూస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. టైము చూడటానికి చేతిగడియారం వాడండి.

*బైనాక్యులర్స్ వణకడం.* పడుకుని, మోచేతులు దిండ్ల మీద ఆనించండి. కుర్చీలో అయితే చేతుల మీద.

*అద్దాల మీద మంచు.* నోటితో ఊదకండి, ఇంకా పడుతుంది. శాలువాలో రెండు నిమిషాలు చుట్టి పెట్టండి.

*పిల్లలు నిద్రపోవడం.* మధ్యాహ్నం పడుకోబెట్టండి. అయినా నిద్రపోతే 9:40కి లేపండి, అంతకు ముందు వద్దు.

*మబ్బులు.* కిందికి దిగకండి. 71 నిమిషాల సంపూర్ణ దశలో మబ్బు మధ్య ఒక్క సందు దొరికినా చాలు, పలచటి మబ్బు వెనక నుంచీ ఎరుపు తెలుస్తుంది. ఒకరు పడుకుని కాపలా కాస్తే మిగతావాళ్ళు మెట్ల దగ్గర కూర్చోవచ్చు. 10:58 దాటినా ముసురు వీడకపోతే అప్పుడు లైవ్ ప్రసారం పెట్టుకోండి. ఆ తర్వాత మన దగ్గర కనిపించే సంపూర్ణ చంద్రగ్రహణం 2029 డిసెంబరు 21 తెల్లవారుజామున, నాలుగు గంటల ప్రాంతంలో. ఈ సామాను లిస్టే దానికీ సరిపోతుంది, చంద్రుడు మాత్రం అప్పుడు పడమర వైపు ఉంటాడు.